శనగచేలోకి వచ్చిన తోడేలు

నేను నంద్యాలలో పుట్టి పెరిగినదాన్ని. మా నాయన బడిపంతులు. తోడేలు అనే మాట చిన్నప్పుడు నాకు చర్చిలో వినడమే. అయ్యగారు ప్రసంగంలో ఆ మాట అన్నప్పుడల్లా ఎవరో చెడ్డమనిషి గురించి చెబుతున్నారనుకునేదాన్ని. అది నిజంగా ఉంటుందనీ, మనం గిన్నెలు తోముకుంటుంటే పెరటి అవతల నిలబడి చూడగలదనీ పెళ్లయ్యాకే తెలిసింది.

డెబ్బైలలో నన్ను శిరివెళ్ల దగ్గర ఒక పల్లెకిచ్చారు. బస్సు దిగి బండిదారిన తూర్పుకు నడిస్తే ఊరు. ఊరి వెనక నల్లరేగడి చేలు, చేల తర్వాత వానలకే పారే ఒక వంక, వంక దాటితే రాళ్లూ ముళ్లపొదలూ తప్ప ఏమీ లేని బీడు, ఆ పైన నల్లమల కొండలు. ఇంట్లో మా ఆయన, మా అత్త, మా చిన్నమామ. మా మామ నా పెళ్లికి ముందే పోయారు. చిన్నమామ ఆయన తమ్ముడు. భార్య తొలికాన్పులోనే చనిపోతే మళ్లీ చేసుకోలేదు. పక్క గదిలో పడుకునేవాడు, మా ఇంట్లోనే తినేవాడు. సేద్యమంతా ఆయనా, మా ఆయనా చూసుకునేవాళ్లు.

వెళ్లిన కొత్తల్లో ఒక సాయంత్రం పెరట్లో ఉన్నాను. వంక దిక్కునుంచి ఏడుపులాంటిది మొదలైంది. ఒక గొంతు, దానికి ఇంకో గొంతు, తర్వాత మూడు నాలుగు కలిసి. ఆడవాళ్లు శవం దగ్గర ఏడ్చినట్టే ఉంది.

"ఎవరో పోయినట్టుండారు అత్తా," అన్నాను.

మా అత్త పెరటి వాకిలి ఊడుస్తూ తల కూడా ఎత్తలేదు. "మనుషులు గాదులే. తోడేళ్లు. ఒగదాన్నొగటి పిల్సుకుంటాండాయి. ఆ గిన్నెలు లోపలికి తెచ్చుకోని తోముకో పో."

ఆ రోజునుంచి నాకు ఆ ఊళ్లో బతకడం అంటే తోడేళ్లతో బతకడమే అయింది. ఎండాకాలం ఎంత ఉక్కపోసినా పసిపిల్లల్ని ఆరుబయట మంచం మీద వేయరు. మేకపిల్లల్ని ఇంట్లోకి తెచ్చి గంప కింద పెడతారు. తెల్లవారుజామున ఆడవాళ్లం ఊరి బయటికి పోవాలంటే నలుగురం కలిసి, కర్ర పట్టుకుని పోయేవాళ్లం. మిగతావాళ్లు ఏవేవో మాట్లాడుకుంటుంటే నేను మాత్రం పొదల్లోకే చూస్తూ ఉండేదాన్ని. పగలు చేలో వంగి కలుపు తీస్తూ నడుం నొప్పికి లేచి నిలబడితే, దూరంగా గట్టు మీద ఒకటి కూర్చుని ఉండేది. దుమ్ము రంగులో ఉండేది. అది కదిలేదాకా మట్టిగడ్డో తోడేలో తెలిసేది కాదు. ఆ తర్వాత ఇక పని సాగేది కాదు నాకు. వీపు మీద ఎవరో చెయ్యి పెట్టినట్టుండేది.

చిన్నమామకు మాత్రం భయం లేదు. నా వాలకం చూసి నవ్వేవాడు. "మనల్ని సూస్తే దానికే దడ, అమ్మీ. మనిషి వాసన తగిల్తే సాలు, పక్కకు జరుగుతాది. దాని కూడు అది ఎతుక్కుంటాంది. నీ పని నువ్వు చెయ్." ఏడాదికో గొర్రెపిల్ల పోయేది. ఆ రోజంతా ఆయన తిట్టేవాడు. మరునాడు మర్చిపోయేవాడు. వంక గట్టులో వాటి గుంత ఎక్కడుందో ఆయనకు తెలుసు. చూపిస్తా రమ్మన్నాడు ఒకసారి. నేను పోలేదు.

పెళ్లయిన మూడో ఏడు నాకు కూతురు పుట్టింది. దానికి ఎనిమిదో నెల నడుస్తుండగా శనగచేను కోతకొచ్చింది. శనగచెట్టును మంచు ఉండగానే పీకాలి. ఎండెక్కితే కాయ రాలిపోతుంది. మంచుకు తడిసిన ఆ ఆకు పులుపు చేతుల పగుళ్లలోకి దిగి చురచుర మండుతుంది. ఆ పొద్దున తెల్లారీ తెల్లారకముందే నేనూ చిన్నమామా చేలో దిగాం. మా అత్త గట్టు మీద తుమ్మచెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి పాపను అందులో వేసి, పక్కనే కూర్చుంది. ఎద్దులు బండి పక్కన మేత మేస్తున్నాయి. మా ఆయన ఇంకో మడిలో మనుషులతో ఉన్నాడు.

పొద్దు కొండ మీదికి వచ్చింది. నేను గొంతుక్కూర్చుని పీకుతున్నాను. ఎద్దులు మేత ఆపి బుసకొట్టడం వినపడి తల ఎత్తాను.

వంక వైపు నుంచి ఒక తోడేలు వస్తోంది. అప్పటికి నాకు తోడేలు నడక తెలుసు. తల వంచి, పక్కచూపులు చూసుకుంటూ, గట్ల చాటున పోతుంది. ఇది చేను మధ్యలోంచి, శనగచెట్లను తొక్కుకుంటూ, నేరుగా వస్తోంది. కాళ్లు తడబడుతున్నాయి. దవడ వేలాడుతోంది. మనుషులున్నారన్న ఎరుక దానికి లేదు. అది నన్ను చూస్తున్నట్టుంది, చూడనట్టూ ఉంది.

"అమ్మీ! లెయ్! బండెక్కు!" చిన్నమామ గొంతు. ఆయన గొంతులో భయం వినడం అదే మొదలు.

బండి ఒకవైపు, పాప ఉయ్యాల ఇంకోవైపు. నేను ఉయ్యాల వైపే పరిగెత్తాను. నా పరుగు చూసి అది ఇటు తిరిగింది. నేను గట్టు ఎక్కబోతుండగా కుడికాలి పిక్క పట్టుకుంది. నొప్పి తెలియలేదు. బరువు తెలిసింది. కాలికి ఎవరో రాయి కట్టినట్టు అక్కడే బోర్లా పడిపోయాను. మా అత్త పాపను ఎత్తుకుని కేకలు పెడుతోంది. నేను గట్టు మట్టిని గోళ్లతో పట్టుకుని పాక్కుంటూ పోదామని చూస్తున్నాను.

చిన్నమామ చేతిలో కర్ర లేదు. పరిగెత్తుకొచ్చి దాని మెడమీద పడి, రెండు చేతులతో మెడ వెంట్రుకలు పట్టి వెనక్కి లాగాడు. అది నా కాలు వదిలేసి ఆయన మీదికి తిరిగింది. ముంజేయి కరిచింది. ఆయన వదలకపోతే ఎగిరి చెంప మీద కరిచింది. ఇద్దరూ కలిసి గట్టు కిందికి దొర్లారు. ఆయన దాన్ని కాళ్లతో తన్ని దూరంగా నెట్టాడు. అది లేచి, మమ్మల్ని మర్చిపోయినట్టు, బండి దగ్గరికి పోయి ఒక ఎద్దు మూతి కరిచి, అట్లాగే ఊరి వైపు పోయింది. ఊరి మొదట్లోనే మగవాళ్లు కట్టెలతో కొట్టి చంపారు.

మా ఆయన వచ్చేసరికి చిన్నమామ నేలమీద కూర్చుని తలగుడ్డతో చెంప అదుముకుంటున్నాడు. "నాకేం కాల్యా. అమ్మి కాలు సూడు ముందు," అన్నాడు.

మా ఆయన కాటుపడిన ఎద్దును విప్పి పక్కన కట్టేసి, పొరుగువాళ్ల ఎద్దుతో బండి కట్టి మా ఇద్దర్నీ రోడ్డుకు తెచ్చాడు. అక్కడినుంచి బస్సులో నంద్యాల పెద్దాసుపత్రికి. డాక్టరు గాయాలు సబ్బునీళ్లతో చాలాసేపు కడిగించాడు. తోడేలు ఎట్లా వచ్చిందో, ఎట్లా నడిచిందో అడిగి, అంతా విన్నాడు.

"మనిషిని తప్పించుకు తిరిగే జంతువు పగటిపూట నేరుగా వచ్చి కరిచిందంటే దానికి పిచ్చి పట్టిందనే అనుకోవాలి. ఇద్దరికీ రెండు వారాలు రోజూ బొడ్డు చుట్టూ సూదులు వేయాలి. ఒక్కరోజు కూడా తప్పకూడదు. ముఖ్యంగా పెద్దాయనకు. గాయం తలకు దగ్గర." ఆ మాట ఆయన రెండుసార్లు చెప్పాడు.

పాపను తెప్పించుకుని నేను మా అమ్మావాళ్ల ఇంట్లో ఉండిపోయాను. మా నాయన చిన్నమామనూ ఉండమన్నాడు. వియ్యంకుల ఇంట్లో అన్ని రోజులు ఎట్లా ఉంటానని ఆయన ఒప్పుకోలేదు. రోజూ బస్సులో వచ్చి సూది వేయించుకుని, ఆసుపత్రి బయట నాతో కాసేపు మాట్లాడి పోయేవాడు. సూది వేసినచోట కడుపు గడ్డలు కట్టి, పక్కకు తిరిగి పడుకోలేకపోయేవాళ్లం. ఆయనకు జ్వరం కూడా వచ్చింది. వారం దాటాక ఒక రోజు రాలేదు. మరునాడూ రాలేదు. మా ఆయనొస్తే అడిగాను.

"నేను సెప్పి సెప్పి అలిసిపోయినా. కడుపంతా రాయైపోయింది, ఇంగ నావల్ల గాదంటాడు. శనగ కళ్లంలో పడుండాది, వానొస్తే ఏంగావాలంటాడు. గాయం మానిపోయింది గదా అంటాడు."

"నా మాటగా చెప్పు. నేను ఏడుస్తాండానని చెప్పు."

చెప్పాడట. వచ్చే వారం పోతాలే అన్నాడట చిన్నమామ.

నా బాధ ఇంకొకటి ఉంది. పాపకు నా పాలు ఇవ్వొచ్చా అని మా అమ్మ డాక్టరును అడిగింది. పాల ద్వారా సోకినట్టు తాను ఎప్పుడూ చూడలేదని ఆయన అన్నాడు. అయినా ఆయన మాటలో ఒక్క క్షణం తడబాటు విన్నాను. అది చాలు నాకు. ఆ రోజే మాన్పించాను. పాప రొమ్ము కోసం వెతుక్కుంటూ ఏడుస్తుంటే నేను ఇంకో గదిలో రవికె తడిసిపోతూ కూర్చునేదాన్ని. పక్క వీధిలోంచి మేకపాలు తెచ్చి దూదితో నోట్లో పిండేది మా అమ్మ.

సూదులన్నీ అయ్యాక ఊరికి తిరిగొచ్చాను. చిన్నమామ కళ్లంలో ఉన్నాడు. చెంప మీద మచ్చ ఒకటే మిగిలింది. నన్ను చూసి "వచ్చినావా అమ్మీ" అని నవ్వాడు. ఆయన్ను అట్లా చూస్తే నా భయమే వెర్రిదనిపించింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే తోడేలు కరిచిన ఎద్దు మేత మానేసింది. నోట్లోంచి తీగలు తీగలుగా చొంగ. కట్టుకొయ్యను తలతో కొట్టుకుంటూ, గొంతు మారిపోయి ఒకటే అరుపు. ఎవరూ దగ్గరికి పోలేదు. రెండు రోజులు ఆ అరుపు ఊరంతా వింది. అది చచ్చిపడ్డాక మా ఆయన చిన్నమామను చెయ్యి పట్టుకుని నంద్యాలకు తీసుకుపోయాడు. ఈసారి ఆయన ఎదురు చెప్పలేదు. మళ్లీ మొదటినుంచి సూదులు మొదలుపెట్టారు.

అవి నడుస్తుండగానే ఒక పొద్దున ఆయన చెంప గీరుకుంటూ లేచాడు. మచ్చలో చీమలు పాకినట్టుందన్నాడు. జొన్నరొట్టె నోట్లో పెట్టుకుని మింగలేక పక్కన పెట్టాడు. "అమ్మీ, రోంత నీళ్లియ్యి."

నేనే చెంబుతో తెచ్చిచ్చాను. ఆయన అందుకుని నోటిదాకా తెచ్చాడు. గొంతు ఒక్కసారి బిగుసుకుపోయింది. మెడనరాలు తాళ్లలా పైకి లేచాయి. చెంబు కిందపడి నీళ్లు నా పాదాల మీద పారాయి. ఆ పారే నీళ్లను చూసి ఆయన గోడకు జరిగాడు.

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఆయనకు అర్థమైంది. నాకూ అర్థమైంది.

"అమ్మీ," అన్నాడు మెల్లగా. "పాపనెత్తుకోని అవతలి ఇంటికి పో. మావాడ్ని పిల్సు. నన్ను గదిలో పెట్టి బయట గొళ్లెం ఎయ్యమను."

"ఆసుపత్రికి పోదాం చిన్నమామా. ఇప్పుడే పోదాం."

"పోదాంలే. ముందు నువ్వు పో ఈడనుంచి. దగ్గరుండాకు."

బండి కట్టి తీసుకుపోయారు. ఇక చేయగలిగింది లేదని డాక్టరు చెప్పాడు. చివరి రోజులు తన గదిలోనే పోతానని ఆయనే అడిగితే వెనక్కి తెచ్చారు. మా ఆయన తలుపు బయట కూర్చుని లోపలికి మాట్లాడుతూనే ఉన్నాడు. ఎద్దుల గురించి, వానల గురించి. మొదట్లో లోపలినుంచి జవాబు వచ్చేది. చల్లగాలి తగిలినా ఆయన ఒళ్లు విరుచుకుపోతోందని కిటికీకి గోనెపట్టా కట్టారు. అయ్యగారు వచ్చి ఆ కిటికీ దగ్గర నిలబడి ప్రార్థన చేశారు. మూడోనాడు మధ్యాహ్నానికి లోపల చప్పుడు ఆగిపోయింది. సమాధుల దొడ్డిలో ఆయన భార్య పక్కనే పెట్టాం.

ఆ తర్వాత వంతు నాదే అనుకున్నాను. ఊరూ అట్లాగే అనుకుంది. అదే రోజు, అదే నోరు మమ్మల్నిద్దర్నీ కరిచింది. నేను సూదులన్నీ వేయించుకున్నానన్న మాట ఎంత తలచుకున్నా, గోడకు జరిగిన ఆయన ముఖమే కళ్లముందు నిలిచేది. లేస్తూనే కుండ దగ్గరికి పోయి నీళ్లు తాగేదాన్ని. గొంతు దిగితే ఆ పూటకు బతికినట్టు. దాహం లేకపోయినా మళ్లీ మళ్లీ తాగేదాన్ని. పిక్క మీద దోమ వాలినా చీమలు పాకుతున్నాయేమోనని చీర ఎత్తి మచ్చ చూసుకునేదాన్ని. డాక్టరు దగ్గరికి పోతే, నెలలు పట్టొచ్చు, ఒక్కోసారి ఏడాది, ధైర్యంగా ఉండమన్నాడు. ఏడాది ఎట్లా గడపాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

బావి దగ్గర ఆడవాళ్లు నాకు దారి వదిలేవాళ్లు. చెడుగా ఏమీ అనేవాళ్లు కాదు. తిన్నావా అని అడిగేవాళ్లు. కానీ నా చెయ్యి తగిలిన చేంతాడు పట్టుకునేముందు కొంచెం ఆగేవాళ్లు. పాపను మా అత్త తన దగ్గరే పడుకోబెట్టుకునేది. నేను ఎత్తుకోబోతే ఏదో పని చెప్పి పంపేది. ఇంట్లో నేను గ్లాసు ఎత్తితే చాలు, మా ఆయన మాట ఆపేవాడు. మా అత్త చేతిలో పని ఆగిపోయేది. గుటక పడిన చప్పుడు విన్నాక మళ్లీ పనులు మొదలయ్యేవి.

ఒక మధ్యాహ్నం అన్నం తింటూ నీళ్ల గ్లాసు ఎత్తాను. మా అత్త పొయ్యి దగ్గర్నుంచి కళ్లార్పకుండా చూస్తోంది. సగం తాగి గ్లాసు నేలమీద పెట్టాను.

"ఏందత్తా అట్లా సూస్తాండావ్? నేనెప్పుడు పిచ్చిదాన్నవుతానా అని సూస్తాండావా? సెప్పు!"

ఆమెతో నేను గొంతెత్తి మాట్లాడటం అదే మొదలు. ఆమె గరిటె పక్కన పెట్టింది. లేచి వచ్చింది. నా ఎదుట కూర్చుని, నేను వదిలేసిన సగం గ్లాసు తీసుకుని, నా మూతి తగిలిన చోటే మూతి పెట్టి, ఆ నీళ్లు మొత్తం తాగేసింది. పైటతో మూతి తుడుచుకుంది.

"నాగ్గూడా భయమే, అమ్మీ," అంది. "ఇంట్లో ఒగడు పోయినాడు. నువ్వూ పోతే నేనేం సెయ్యాల? అందుకే సూస్తాండా."

ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. సాయంత్రం ఆమే పాపను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నాకు పాలు అప్పటికే ఎండిపోయాయి. పాప నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసి, మా అత్త వైపు చేతులు చాచింది. మళ్లీ నాకు అలవాటు కావడానికి దానికి చాలా రోజులే పట్టింది.

ఈలోపు ఊళ్లో మగవాళ్లు పారలూ గునపాలూ తీసుకుని వంకకు పోయారు. మా ఆయనా పోయాడు. గుంత తవ్వి, దొరికిన పిల్లల్ని గోనెసంచిలో తెచ్చి ఊరి బయట చంపారు. పెద్దవి దొరకలేదు. ఇంటికొచ్చిన మా ఆయన కాళ్లు కడుక్కుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నానికి లేవలేదు.

"ఏమైంది?" అన్నాను.

"ఇంగా కండ్లు గూడా సరిగ్గా తెరవల్యా అవి," అన్నాడు. ఆ విషయం మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ మరునాటి నుంచి పొద్దుగూకే వేళకు వంకలో ఒక్కటే గొంతు. దానికి జవాబు ఇచ్చే గొంతు లేదు. కాసేపు ఆగి మళ్లీ మొదలయ్యేది. తలుపులన్నీ మూసుకుని వినేవాళ్లం. అన్నేళ్లలో నన్ను అంత భయపెట్టిన అరుపు ఇంకొకటి లేదు. అది మా మీదికి వస్తుందని కాదు. ఎందుకు పిలుస్తోందో మాకు తెలుసు. కొన్నాళ్లకు అదీ ఆగిపోయింది.

ఏడాది గడిచింది. నాకేం కాలేదు. రెండో ఏడు కొడుకు పుట్టాడు. ఎనభైలు వచ్చేసరికి వంక అవతలి బీడులో సగం ట్రాక్టర్లతో దున్ని పత్తి వేశారు. గొర్రెలు తగ్గాయి. తోడేళ్ల మాట ఎప్పుడో గానీ వినపడేది కాదు. చిన్నపిల్లలకు అది చెప్పుకునే సంగతైంది. నేను మాత్రం చేలకు ఒంటరిగా పోలేదు.

నా కూతురు బళ్లో చేరిన ఏడు ఆళ్లగడ్డలో బంధువుల పెళ్లికి బయలుదేరాం, నేనూ అదీ. మా ఆయన కొడుకునూ మా అత్తనూ తీసుకుని ముందురోజే పోయాడు. బస్సుకు ఆలస్యమవుతుందని చేల అడ్డదారిన నడుస్తున్నాం. మంచి ఎండ. పిల్ల కొత్తపావడా ఎత్తిపట్టుకుని ముందు గెంతుతూ పోతోంది. ఆ వంక ఊరిని చుట్టి దారి పక్కకు వచ్చే చోట అది ఆగిపోయింది.

గట్టు మీద తోడేలు. ఒక్కటే. డొక్కలు లోపలికి పోయి, వెంట్రుకలు రాలి, ముసలిదై ఉంది. పిల్లకూ దానికీ మధ్య ఎక్కువ దూరం లేదు. నేను పరిగెత్తలేదు. పరిగెత్తితే ఏమవుతుందో నా పిక్కకు తెలుసు. మెల్లగా ఒక్కో అడుగూ వేసి పిల్ల భుజం పట్టుకుని నా వెనక్కి లాక్కున్నాను. దాని నోటివైపే చూశాను. దవడ మూసే ఉంది. చొంగ లేదు. అది మా ఇద్దర్నీ చూసింది, తల వంచింది, పక్కకు జరిగి వంకలోకి దిగిపోయింది.

"కుక్కామ్మా అది?" అంది నా కూతురు.

"కాదు. నడు."

రోడ్డు చేరి బస్సెక్కాం. పిల్ల పక్కసీటు ఆమెకు తను చూసిన పెద్దకుక్క గురించి చేతులు చాచి చెబుతోంది. నేను కిటికీ కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. ఆళ్లగడ్డలో దిగాక బస్టాండు ఎదుట మూసిన అంగడి అరుగు మీద కూలబడ్డాను. ఎండ నెత్తిన కొడుతున్నా ఒళ్లంతా చలిగా ఉంది. నా కూతురు కాసేపు నా ముఖంలోకి చూసి, నా చెయ్యి పట్టి లాగడం మొదలుపెట్టింది.

"లెయ్ మా. పెండ్లి అయిపోతాది."